గింజ లేని దోసె

చింతామణి ఊళ్ళో, అంగడి వీధిలో పద్మనాభ శెట్టికి దినుసుల అంగడి ఉండేది. మనిషి బక్కపలచన, ఆకలి మాత్రం ఏనుగుది. పొద్దున ఆరు దోసెలు పడితే తప్ప ఆయన చేతులు అంగడి తలుపుల దాకా లేచేవి కావు. ఆ ఇంట్లో పెనం వేడెక్కితే బాగేపల్లి బస్సు కూడా రెండు నిమిషాలు ఆలస్యంగా కదిలేదని వీధిలో చెప్పుకునేవారు.

అలాంటి మనిషి 1958లో ఒక మొక్కు మొక్కుకున్నాడు. భార్య కౌసల్యమ్మ విషజ్వరంతో ఇరవై రోజులు మంచం దిగలేదు. ఆమె లేచి తిరిగితే వరుసగా ఇరవై నాలుగు ఏకాదశులు గింజ ముట్టనని దేవుడి పటం ముందు అన్నాడు. బియ్యం, రాగి, గోధుమ, పప్పు ఏదీ కూడదు. ఒక్కసారి తప్పినా మళ్ళీ ఒకటి నుంచి లెక్క. ఈ చివరి షరతు దేవుడు అడిగింది కాదు, భయంలో ఈయనే కలిపాడు.

కౌసల్యమ్మ లేచింది. లేచీ లేవగానే గోడకు క్యాలెండరు తగిలించి, గడిచిన ప్రతి ఏకాదశికీ కుంకుమ బొట్టు పెట్టడం మొదలుపెట్టింది.

నాలుగు ఏకాదశులు పాలు, అరటిపండ్లతో గడిచాయి. ఐదో ఏకాదశినాడు ఆకలికి శెట్టి బెల్లం అడిగినవాళ్ళకు సబ్బు కట్టిచ్చాడు. ఆ సాయంత్రమే ఆయనకు తట్టింది: తాను వదిలేసింది గింజను గానీ దోసెను కాదు కదా.

ఆరో ఏకాదశికి వంటింట్లోకి దిగాడు. గెనుసుగడ్డ, అదే చిలగడదుంప, ఉడికించి, అరటికాయ కలిపి, రుబ్బి పోస్తే అది పెనాన్ని కావలించుకుని వదల్లేదు. తర్వాతి ఏకాదశికి ఉర్లగడ్డ దోసె కొత్తగా గీసిన రాష్ట్రాల పటంలాగా ముక్కలైంది. గుమ్మడికాయ దోసెను ఆవుకు వేస్తే ఆవు రెండు రోజులు ఆ ఇంటి వైపు తిరగలేదు.

"ఇది మూడో పెనం. మీరు నా ప్రాణం కోసం మొక్కినారా, నా పెనాలు తీసేదానికి మొక్కినారా?" అంది కౌసల్యమ్మ, ఇరవై మూడో ఏకాదశినాడు.

"పట్టు రాలేదే. రోలు నున్నగైపోయుండాది, అదే తప్పు," అన్నాడు శెట్టి.

ఇరవై నాలుగో ఏకాదశి పొద్దున, రోళ్ళకు గాట్లు పెట్టే ఆంజనేయప్పను గుడిబండె నుంచి పిలిపించాడు. అతను ఉలితో టకటకా గాట్లు పెట్టి వెళ్ళాడు. పనిమనిషి కెంపమ్మతో రోలు కడిగి కొబ్బరి రుబ్బమని చెప్పి శెట్టి స్నానానికి పోయాడు. వచ్చేసరికి రోట్లో తెల్లటి ముద్ద ఉంది, కెంపమ్మ నీళ్ళకు పోయింది. ఆ ముద్ద మీదే గెనుసుగడ్డలు వేసి రుబ్బాడు.

ఈసారి దోసె అంచులు తమంతట తామే లేచాయి. ఒళ్ళంతా చిల్లులు, బంగారు రంగు. పంటి కింద కరకరలాడింది. ఐదు తిని, ఆరోదాన్ని ఆకులో పెట్టుకుని పక్కింటి రుక్మిణమ్మ దగ్గరికి పరిగెత్తాడు. ఆ ముసలావిడ ముప్పై ఏళ్ళుగా ఏకాదశి తప్పలేదు. ఆవిడ నోటికి వీధి మొత్తం దడుస్తుంది.

"గింజ లేదు కదప్పా?"

"మా కౌసల్య మీద ఆన."

ఆవిడ తిని, ఆకు మడిచింది. పద్మనాభ శెట్టి పొంగిపోతూ ఇంటికి వచ్చాడు. కెంపమ్మ రోట్లోకి తొంగి చూస్తోంది.

"అప్పా, ఈడుండిన ముద్ద యాడ పోయినాది?"

"నువ్వు రుబ్బిన కొబ్బరే కదా, దోసెలో కలిపినా."

"కొబ్బరి ఇంగా చిప్పలోనే ఉండాది. అది బియ్యమప్పా. గాట్లు పెట్టినాక రాతిపొడి పోవల్లంటే దోసెడు బియ్యం రుబ్బి పారేస్తాము కదా. నీళ్ళు తెచ్చి కడుగుదామంటే అంతలోకే..."

కరకర ఎక్కడిదో శెట్టికి అప్పుడు తెలిసింది. నోరు మూసుకుంటే మొక్కు తీరిపోయినట్టే, కెంపమ్మ ఎవరికీ చెప్పే మనిషి కాదు.

అంతలో కౌసల్యమ్మ కుంకుమ భరిణతో వచ్చి క్యాలెండరు వైపు చెయ్యి చాపింది. నిరుడు ఆ చెయ్యి దుప్పటి కూడా లాక్కోలేకపోయింది.

"బొట్టు పెట్టొద్దులే. బియ్యం తినేసినా," అన్నాడు శెట్టి, తల వంచుకుని అంతా చెప్పాడు.

ఆమె కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. భుజాలు అదురుతున్నాయి. ఏడుస్తోందనుకున్నాడు.

"రాయి గూడా తిన్నారా?" అంది, నవ్వు ఆపుకుంటూ.

"తిన్నా."

"సరే, మళ్ళీ ఒకటి నుంచి లెక్కపెట్టుకోండి. ముందు పోయి రుక్మిణమ్మకు చెప్పిరాండి."

"నువ్వు పోరాదా?"

"నా మీద ఆన పెట్టింది మీరు."

పద్మనాభ శెట్టి పక్కింటి మెట్టు మీద ఒక కాలు, పారిపోవడానికి వీధిలో ఒక కాలు పెట్టి నిజం చెప్పాడు. రుక్మిణమ్మ తాను మడిచిపెట్టిన ఆకు వైపు చూసింది.

"అయితే ఈ పొద్దు ఉపాసం ఎట్లాగూ చెడినట్లే కదా?"

"చెడిందమ్మా."

"పిండి ఇంగా ఉండాదా?"

"ఉండాది."

"మరి నిలుచుకొని చూస్తావేమప్పా. ఇంగ రెండు పోసుకొని రా."

"దాంట్లో రాతిపొడి ఉండాదమ్మా."

"ఉండనీ," అంది రుక్మిణమ్మ, బోసినోరు తెరిచి చూపిస్తూ. "పండ్లుండేవాళ్ళకు కదా ఆ భయం."