పేరు మారిన గని కాగితం

మా పక్కింటాయన ఏనాడూ గనిలో అడుగు పెట్టలేదు. అయినా వీధంతా ఆయన్ని గనుల దొర అంటుంది. ఎప్పుడో మూతబడ్డ గని కంపెనీల షేరు కాగితాలు పోగుచేసి, అద్దాలు కట్టించి, ముందుగది నిండా వేలాడదీశాడు. ఎవరొచ్చినా కుర్చీ చూపించడు, గోడ చూపిస్తాడు. ఏ కంపెనీ ఎప్పుడు పుట్టిందో, కింద సంతకం ఎవరిదో, అన్నీ నోటికొచ్చు. ఆ గనుల్లో దిగినవాళ్ల సంగతి అడిగితే మాత్రం, "అవన్నీ ఎవరు రాసిపెట్టారండీ!" అంటాడు.

దిగినవాడొకడు ఆయన వెనకగదిలోనే దగ్గుతూ ఉన్నాడు. భార్యకు అన్న. ఇరవై ఏళ్లు రాతిదుమ్ము పీల్చిన మనిషి. గని కార్మికుల ఆస్పత్రిలో మంచం ఇస్తామన్నారు గానీ, ఆయన పనిచేసిన కంపెనీ మధ్యలో పేరు మార్చుకుంది. రెండూ ఒకటేనని చూపే అసలు కాగితం తెమ్మన్నారు. పాత పేరు మీద కొత్త పేరు ముద్ర కొట్టిన షేరు దొరగారి గోడమీదే ఉంది.

"ఇవ్వను," అన్నాడు దొర. "ఫైల్లో పెట్టడానికి చిల్లు పొడుస్తారు. చిల్లు పడితే అది చచ్చినట్టే."

"మా అన్నయ్య బతుకుతాడు కదండీ," అంది ఆవిడ.

వెనకగదిలోంచి నవ్వు, దాని వెంటే దగ్గు. "పోనీలే చెల్లాయ్! నన్ను కూడా అద్దం కట్టించి తగిలించమను. నేనూ పాత సరుకునేగా!"

"హాస్యానికేం గాని బావగారూ, తలుపేసుకుని దగ్గండి. తేమకి కాగితాలు ఉబ్బుతాయి."

అద్దాల మీద దుమ్ము పూటపూటా తుడిచే మనిషి అన్న మాటది. ఒకరిని తూలనాడటం పాపమంటారు. దేవుడు క్షమించాలి, ఇంతకంటే చిన్న మనసు నేను చూడలేదు.

మర్నాడు ఆవిడ స్టూలెక్కి, అద్దం వెనక మేకులు వంటింటి చాకుతో పీకి, కాగితాన్ని రెండు అట్టల మధ్య పెట్టుకుని బయల్దేరింది. ఆయన వీధిగుమ్మం దాకా వెంటపడ్డాడు. "మడత పడనియ్యకు! చెయ్యి తడి ఉందేమో చూసుకో!" ఆవిడ వెనక్కి తిరగలేదు.

ఆస్పత్రి ఆఫీసులో గుమాస్తా ముద్ర చూసి, నంబరు రాసుకుని, కాగితాన్ని కొత్త కవర్లో పెట్టి తిరిగిచ్చేశాడట. కూర్చోమని తన కుర్చీ కూడా ఇచ్చాడట. ఆ బిడ్డ చల్లగా ఉండాలి.

"మంచం దొరికిందండీ," అంది ఆవిడ ఇంట్లోకి వస్తూనే.

ఆయన కవరు లాక్కుని, కిటికీ దగ్గర భూతద్దంతో నాలుగంచులూ చూసుకున్నాడు. "బాగానే ఉంది," అన్నాడు.

పొద్దున్నే ఆస్పత్రి బండి వచ్చింది. ఎదురింటి దర్జీ, నేను చెరో భుజం పట్టి ఆ మనిషిని ఎక్కించాం. చెల్లెలు బట్టల సంచితో పక్కన కూర్చుంది. దొర లోపల మేకులు కొట్టుకుంటున్నాడు.