మెహరున్నీసా గారి ఆదివారం కబుర్లు

మొన్న ఏడాది కారం ఆడించడానికి మా వీధి చివర పిండి మరకి వెళ్ళాను. ఎండుమిరపకాయలు మరలో పడగానే ఘాటు గుప్పున లేచింది. వరసలో ఉన్నవాళ్ళమంతా ఒకరి తర్వాత ఒకరం తుమ్ములు మొదలుపెట్టాం. ఒకావిడ కొంగు ముక్కుకి అడ్డం పెట్టుకుని బయటికి పరుగెత్తింది. మర నడిపే అబ్బాయి మాత్రం చీమ కుట్టినట్టైనా లేకుండా నిలబడ్డాడు. గోడకి తగిలించిన రేడియోలో నేను పనిచేసే కేంద్రమే వస్తోంది. మర ఆగినప్పుడల్లా బెండతోటకి పట్టే తెగులు గురించి ఒక ముక్క వినబడుతోంది, మర తిరగగానే అదీ పోతోంది. నా డబ్బా నిండినా నేను కదల్లేదు. ఎవరు చెవి ఒగ్గుతున్నారో, ఎవరు ఆవులిస్తున్నారో చూస్తూ అక్కడే ఉండిపోయాను. ఇంటికి రాగానే మా ఆవిడ, "కారానికెళ్ళి ఇంతసేపా? మళ్ళీ మీ మేడమ్ గారి జబ్బు తిరగబెట్టిందా?" అంది. నిజమే. ఆ జబ్బు నాకు అంటించింది మెహరున్నీసా గారే. తగ్గే సూచనలేమీ లేవు, తగ్గించుకోవాలని నాకూ లేదు.

మెహరున్నీసా గారు చాలా ఏళ్ళపాటు మా రేడియో కేంద్రానికి మేనేజరు. కేంద్రమంటే పెద్ద భవనం ఊహించుకోకండి. తెనాలిలో మేడమీద మూడు గదులు, అందులో ఒకటి స్టూడియో. గొంతు మాత్రం ఇటు బాపట్ల దాకా, అటు రేపల్లె దాకా వెళ్ళేది. ఆవిడ తెనాలి మనిషే. వాళ్ళ నాన్నగారికి బజార్లో బట్టల కొట్టు ఉండేది. ఇంట్లో ఉర్దూ, వీధిలో తెలుగు. ఇక మైకు ముందు కూర్చుంటే ఆవిడ తెలుగు వినడానికి మా ఊరి బడి పెద్ద పంతులు గారు కూడా పని ఆపుకునేవారు. పొట్టి మనిషి, నేత చీర, భుజం చుట్టూ తిప్పుకున్న కొంగు, చేతిలో వేడినీళ్ళ ఫ్లాస్కు. ఆ ఫ్లాస్కులో చుక్క నీళ్ళు ఎవరికీ పోసేవారు కాదు. ఒకసారి గొంతు పట్టేసి నేను అడిగితే, "ఎవరి గొంతు వాళ్ళే కాపాడుకోవాలి అబ్బాయ్, కింద టీ కొట్లో వేడినీళ్ళు ఊరికే ఇస్తారు, పో," అన్నారు. పిసినారి అనుకున్నాను. ఆ సాయంత్రమే మా ఇంటికి వాళ్ళ తమ్ముడు ఖాదర్ గారి చేత మిరియాల కషాయం పంపించారు.

మాది భట్టిప్రోలు. వరి తప్ప మరో మాట తెలియని కుటుంబం. మా మామయ్య ఎరువుల కొట్లో కూర్చోవలసిన వాణ్ణి, రేడియోలో వ్యవసాయ కార్యక్రమానికి మనిషి కావాలంటే వెళ్ళి దూరాను. నా మొదటి ప్రసంగం వరి నారుమళ్ళ గురించి. దాన్ని అద్దం ముందు చదువుకుని, మా అమ్మకి వినిపించి, ఆవిడ కళ్ళు చెమర్చాక గానీ రికార్డు చెయ్యలేదు. ప్రసారమయ్యే రోజున మెహరున్నీసా గారు నా బల్ల దగ్గరికొచ్చి, "పద, వినొద్దాం," అన్నారు. ఎక్కడికో నాకు అర్థం కాలేదు. విజయవాడ వైపు నుంచి వచ్చిన ప్యాసింజరెక్కి బాపట్లలో దిగాం. అక్కణ్ణుంచి ఆటోలో పిట్టలవానిపాలెం వెళ్ళి, రోడ్డు పక్క టీ కొట్టు బల్లమీద కూర్చున్నాం. దారిలోనే ఆవిడ షరతు పెట్టారు. నేనెవరో చెప్పకూడదు. ఎవరేమన్నా మధ్యలో నోరు విప్పకూడదు.

రేడియోలో నా గొంతు మొదలైంది. నా చెవులు వేడెక్కాయి. కొట్టాయన పొయ్యి మీద మిరపకాయ బజ్జీలు వేస్తున్నాడు, ఆ చుయ్యిమనే చప్పుడులో సగం ప్రసంగం వేగిపోయింది. పొలం నుంచి వచ్చిన ఒక పెద్దాయన కాసేపు విని, "ఎవరో తరుముతున్నట్టు చదువుతున్నాడేంటి ఈ కుర్రాడు? మధ్యలో గుక్కయినా తిప్పుకోడే," అన్నాడు. పక్కాయన, "బస్సుకి టైమయిందేమోలే బాబాయ్," అన్నాడు. అందరూ నవ్వారు. అందరికన్నా ఎక్కువ నవ్వింది మా మేడమ్ గారు. నా మోకాలి మీద చెయ్యి వేసి, నువ్వూ నవ్వు అన్నట్టు నొక్కారు. ఏడవలేక నవ్వాను.

తిరుగు రైల్లో కిటికీ పక్కన సీటు నాకే ఇచ్చి, "ఏం విన్నావు?" అని అడిగారు.

"తొందరగా చదువుతున్నానన్నారండి."

"అది నీ గురించి. వాళ్ళ గురించి ఏం విన్నావు?"

ఆవిడే చెప్పుకొచ్చారు. ఆ వేళకి బజ్జీల మూకుడు పొయ్యెక్కుతుంది. పొలాల నుంచి వచ్చేవాళ్ళు బస్సు కోసం తొందరలో ఉంటారు. నువ్వు నిదానంగా చదివినా వాళ్ళకి వినే తీరికుండదు. మరుసటి నెల నుంచి వ్యవసాయ కార్యక్రమాన్ని పొద్దున్న టీ వేళకి మార్చేశారు. నన్ను మార్చలేదు. అప్పటికి నాకు అదే గొప్ప ఊరట.

ఆ తర్వాత మా కేంద్రంలో అదే పద్ధతయింది. కార్యక్రమం చేసినవాళ్ళు దాన్ని జనం మధ్య కూర్చుని వినాలి, ముసుగు తియ్యకుండా. బాపట్లలో ఒక కుట్టుమిషను కొట్లో డాక్టరు గారి సలహాలు వింటున్నప్పుడు జరిగింది చెప్తాను. రక్తం పట్టాలంటే ఆడవాళ్ళు ఆకుకూరలు, బెల్లం, ఖర్జూరాలు తినాలని డాక్టరు గారు చెప్పుకుపోతున్నారు. కాజాలు కుడుతున్న ఒకావిడ తలెత్తకుండానే, "ఇంట్లో అందరూ తిన్నాక గిన్నెలో ఏం మిగుల్తుందో ఈయన్నెవరైనా అడగండమ్మా," అంది. మెహరున్నీసా గారు మళ్ళీ వారం ఆవిడనే బతిమాలి స్టూడియోకి తెచ్చి డాక్టరు గారి ఎదురుగా కూర్చోబెట్టారు. డాక్టరు గారు ముందు ఇబ్బంది పడ్డారు గానీ, ఆ అరగంట మేము చేసినవాటిల్లో మంచిదని ఇప్పటికీ నా అభిప్రాయం. ఆడవాళ్ళు ముందు తినాలి అనే మాట మా రేడియోలో అంత సూటిగా వినబడటం అదే మొదలు.

ఇంత చేసినావిడ తన కార్యక్రమం మాత్రం ఎప్పుడూ బయట కూర్చుని వినలేదు. వినే వీలు లేదు. ఆదివారం పొద్దున్న వచ్చే 'ఆదివారం కబుర్లు' ఆవిడే స్వయంగా, రికార్డు చెయ్యకుండా నేరుగా మాట్లాడేవారు. మంచి అలవాట్లు, పిల్లల పెంపకం, కాలువ నీళ్ళ పొదుపు, పెద్దల ముందు మెలగవలసిన తీరు, ఇలాంటివి. దానికోసం వారమంతా తయారయ్యేవారు. కేంద్రం పుట్టిన కొత్తల్లో మొదలైన కార్యక్రమం అది, ఆవిడకి బిడ్డలాంటిది. పెళ్ళి చేసుకోని మనిషి కాబట్టి ఆ మాట ఊరికే అనడం లేదు.

ఒక ఆదివారం మా చుట్టాల ఇంట్లో పెళ్ళికని రేపల్లె వెళ్ళి, పొద్దున్నే స్టేషను దగ్గర సెలూన్లో కూర్చున్నాను. నా ముఖానికి సబ్బు నురగ పెట్టి ఉంది. రేడియోలో మేడమ్ గారి నమస్కారం వినబడింది. సెలూను ఆయన మోచేత్తో రేడియో గొంతు తగ్గించేశాడు. "మంచావిడేనండీ, కాదన్ను. ఆదివారం పొద్దున్నే మనకి బడి పెట్టేస్తుంది," అన్నాడు. బెంచీ మీదున్నవాళ్ళు నవ్వారు. అరగంటయ్యాక పాటలు మొదలవగానే మళ్ళీ మోచేత్తోనే పెంచాడు. ఆ కదలికలో ఎంత అలవాటుందంటే, అది ఆ ఒక్క రోజు సంగతి కాదని తెలిసిపోయింది. నమ్మలేక మరుసటి ఆదివారం బాపట్లలో ఒక టిఫిన్ హోటల్లో కూర్చున్నాను. అక్కడ ఏకంగా కట్టేశారు.

చెప్పాలా, వద్దా? మా టెక్నీషియన్ ప్రసాదు, "ఇంకో ఏడాదిలో రిటైరైపోతారు గురువుగారూ. ఎవరికి నష్టం? పోనివ్వండి," అన్నాడు. అతను చెప్పిందీ సబబే. ఆవిడ బాధపడితే చూడలేనని నా భయం. చెప్పకపోతే రోజూ ఆవిడ ముఖం ఎలా చూడాలన్నది మరో భయం. నన్ను అంతటి మనిషిని చేసి, అబద్ధం కూడా సరిగ్గా ఆడలేనివాణ్ణి చేసి పెట్టారు. రెండు వారాలు గొంతులో వెలక్కాయ పడ్డట్టు తిరిగాను. సోమవారం సమావేశంలో ఆవిడ ఎప్పటిలాగే ఒక్కొక్కరినీ అడుగుతూ నా దగ్గరికొచ్చి, "ఆమధ్య ఆదివారాలు ఎక్కడికో వెళ్ళావటగా, ఏం విన్నావు?" అన్నారు. అందరూ వెళ్ళేదాకా ఆగి, చెప్పేశాను.

ఆవిడ ముఖం ఎర్రబడింది. "ఏ సెలూను?" అన్నారు.

"స్టేషను దగ్గరదండి. బాపట్లలో కూడా..."

"సరే, సరే. వెళ్ళు."

ఆ వారమంతా నాతో అవసరానికి మించి మాట్లాడలేదు. శనివారం సాయంత్రం చూద్దును కదా, ఆవిడ స్టూడియోలో కూర్చుని ఆదివారం కబుర్లు రికార్డు చేస్తున్నారు. మొదటిసారి. బయటికొచ్చి, "రేపు పొద్దున్న రేపల్లె ప్యాసింజరుకి రా," అన్నారు.

సెలూన్లోకి ఆవిడ రాలేరు కాబట్టి, దాన్ని ఆనుకుని ఉన్న ఇడ్లీ బండి దగ్గర బల్లమీద కూర్చున్నాం. సెలూను రేడియో మాకు శుభ్రంగా వినబడుతోంది. ఆవిడ గొంతు వచ్చింది, నమస్కారం చెప్పింది, రెండు వాక్యాలు మాట్లాడింది. అంతే, సన్నగిల్లిపోయింది. లోపల ఎవరో ఏదో అన్నారు, నవ్వులు వినబడ్డాయి. తర్వాత ఎవరి అమ్మాయి పెళ్ళిచూపులో, ఎవరి గేదె ఈనిందో, కబుర్లు మొదలయ్యాయి. నేను తలవంచుకుని ప్లేటు వంక చూస్తున్నాను. ఇడ్లీలు వేస్తున్నావిడ, "ఏంటమ్మా, తినట్లేదు? పచ్చడి కారమయిందా?" అంది.

"లేదమ్మా, బాగుంది," అని మెహరున్నీసా గారు మొత్తం తిన్నారు. ఇంకో ప్లేటు కూడా చెప్పారు. పాటలు మొదలై రేడియో గొంతు పెరిగేదాకా అక్కడే కూర్చున్నారు.

తిరుగు రైల్లో భట్టిప్రోలు దాటాం. తర్వాత ఆవిడే, "ఏడుపొచ్చింది శ్రీనూ. నీ దగ్గర దాపరికమెందుకు," అన్నారు. "వారమంతా ఎవరో ఒకరు వాళ్ళకి ఏదో ఒకటి చెప్తూనే ఉంటారు. దొరికేది ఆ ఒక్క పూట. దానికి కూడా నేను తయారు. నాకైతే నేనే వినను," అని నవ్వారు. ఆ నవ్వు చూసి నాకు కన్నీళ్ళాగలేదు. "నువ్వెందుకు ఏడుస్తావు, తిట్లు తిన్నది నేనయితే?" అని తన ఫ్లాస్కు మూతలో వేడినీళ్ళు పోసి ఇచ్చారు.

పై ఆదివారం ఆవిడ శ్రోతలకి రెండు మాటల్లో సెలవు చెప్పి, ఆ అరగంట నా చేతిలో పెట్టారు. సెలూను బెంచీల మీద, ఇడ్లీ బళ్ళ దగ్గర జనం చెప్పుకునే కబుర్లే రికార్డు చేసుకొచ్చి వినిపించమన్నారు. నాకు పట్టుబడింది. పేరు కూడా వచ్చింది. ఆవిడ రిటైరై ఇంట్లో కూర్చున్నాక, ఆ కుర్చీలోకి నేను వచ్చాను. ఆదివారం కార్యక్రమం మాత్రం వదల్లేదు. అది నాకూ బిడ్డలాంటిదే అయిపోయింది.

కొన్నేళ్ళకి ఒక ఆదివారం ఆవిణ్ణి చూడటానికి వాళ్ళింటికి వెళ్ళాను. అప్పటికి ఆరోగ్యం బాగా తగ్గింది, మంచం మీద దిండుకి ఆనుకుని ఉన్నారు. ఖాదర్ గారు టీ పెట్టిస్తున్నారు. నేను ముందే రికార్డు చేసి వచ్చిన కార్యక్రమం రేడియోలో వస్తోంది. ఆవిడ విని ఏమంటారోనని నేను మురిసిపోతూ కూర్చున్నాను. ఆవిడ చెయ్యి చాచి రేడియో గొంతు తగ్గించారు.

"నీకొకటి చెప్పాలి. చెప్పాలా వద్దా అని రెండు వారాలుగా చూస్తున్నా," అన్నారు. "ఈమధ్య నువ్వే ఎక్కువ మాట్లాడుతున్నావు, వాళ్ళు తక్కువ. నీ గొంతు రాగానే మా తమ్ముడు స్నానానికి లేస్తున్నాడు."

గుమ్మంలో టీ గ్లాసులతో నిలబడ్డ ఖాదర్ గారు, "అక్కా!" అని నెత్తి కొట్టుకున్నారు. నా మనసు చివుక్కుమంది. ఎవరో అనుకున్న మాటయితే సర్దుకుపోదును, ఆవిడ నోట రావడం కష్టంగా ఉంది. తలెత్తి చూస్తే ఆవిడ నా వంకే చూస్తున్నారు. ఆ చూపులో దిగులుంది, నేను నొచ్చుకుంటానేమోనన్న దిగులు. సోమవారం సమావేశం ముందు నేను పడిన భయమంతా ఆవిడ ముఖంలో కనబడింది. నేను నవ్వేశాను. ఆవిడ కూడా హమ్మయ్య అనుకున్నట్టు వెనక్కి వాలి, "టీ తాగు, చల్లారిపోతుంది," అన్నారు. ఆ సాయంత్రం ఇంటికొస్తూ ఉంటే బాధకన్నా సంతోషమే ఎక్కువుందని గమనించాను. నా గురించి ఇంకా నిద్ర మానుకునే మనిషి ఒకరు ఉన్నారు కదా అనిపించింది.

ఆవిడ ఆ చలికాలం వెళ్ళిపోయారు. నిదానంగా, బాధపడకుండా, తమ్ముడితో మాట్లాడుతూనే.

ఇప్పుడు నా ఆదివారం కార్యక్రమం వినొచ్చే పని మా కొత్త అనౌన్సరు రాజ్యలక్ష్మికి అప్పజెప్పాను. సోమవారం పొద్దున్న ఆ అమ్మాయి నా గుమ్మం దగ్గర నిలబడి, లోపలికి రావాలా వద్దా అని చున్నీ కొస చుట్టుకుంటూ ఉంటుంది. ప్రతిసారీ నా గుండె దడదడ కొట్టుకుంటుంది. ఇన్నేళ్ళయినా ఆ దడ తగ్గలేదు. మెహరున్నీసా గారికీ ఇలాగే ఉండేదని, పైకి కనబడనిచ్చేవారు కాదని ఇప్పుడు తెలుస్తోంది. కుర్చీ చూపించి, వీలైనంత మామూలుగా, "రామ్మా. ఏం విన్నావు?" అంటాను.