మద్దమ్మ కోసం నాటిన చింతచెట్లు

మా చిన్నాయన రాజప్పకు ఒకటే పిచ్చి. ముసలితనంలో ఎవురి ముందరా చెయ్యి చాపగూడదు, తన పెండ్లాం మద్దమ్మ అరవై దాటినాక ఒకరి చేన్లో నడుం వంచగూడదు. బిడ్డలు లేరు. ఉండేది కృష్ణగిరి పోయే రోడ్డు పక్కన అరెకరా రాగిచేను. ఆ పంట చాలక ఇద్దరూ కూలికి పోయేవాళ్ళు. రెక్కాడితేగానీ డొక్కాడని బతుకు.

మా ఆయనది హోసూరు కంపెనీలో పని. నెలనెలా జీతంలో పీఎఫ్ పట్టుకుంటారని తెలిసి, చిన్నాయన మా ఇంటికొచ్చి దాన్ని గురించి గుచ్చిగుచ్చి అడిగినాడు. అంతా విని, కంపెనీ మూతబడొచ్చు, చెట్టయితే మూతబడదు గదమ్మా అని నవ్వినాడు. తొంబై ఒకటిలో ఏడు చింతమొక్కలు తెచ్చినాడు. చింత కాపుకు రావాలంటే పది పన్నెండేండ్లు కావాల. ఒకసారి పట్టుకుందంటే నూరేండ్లు కాస్తుంది. లెక్క బాగానే ఉంది. నాటిన చోటే తప్పు.

చింతనీడలో రాగి పండదు. ఉండే అరెకరాకూ నీడ పడితే ఏం తినేదని, చేను గట్టు దాటి, రోడ్డు వారన ఖాళీగా ఉండే మట్టిలో నాటినాడు. మా పక్క రైతులందరికీ ఈ రోగం ఉంది, గట్టు అవతల నాలుగడుగులు కూడా మనదే అనుకుంటారు. అది సర్కారుది చిన్నాయనా అని నేను మొత్తుకున్నాను. మట్టి ఎవురిదయితేనేం, నీళ్ళు పోసేది నేను గదా అన్నాడు మొండి మనిషి. ఈయన యాడ పోసినాడు? బిందె చంకనేసుకొని ఎండల్లో మోసిందంతా మా చిన్నమ్మే. మేకలు కొరక్కుండా ముండ్లకంప కట్టింది కూడా ఆమే.

రెండువేల మూడులో చెట్లు కాసినాయి. తొలి చింతపండు మా ఇంటికీ పంపించినారు. ఇంకో రెండు కాపులు చూసి నిన్ను కూలి మాన్పిస్తానని చిన్నాయన ఆమెకు మాటిచ్చినాడంట. ఆ సంతోషం చెప్పేదానికే మద్దమ్మ బస్సెక్కి నా దగ్గరికి వచ్చింది.

మరుసటేడు రోడ్డు వెడల్పు చేసేదానికి కొలతలేసినారు. ఏడు చెట్లూ రోడ్డు హద్దులో పడినాయి. చిన్నాయన కృష్ణగిరి ఆఫీసుల చుట్టూ తిరిగినాడు. ఆడుండే ఆయన కూర్చోబెట్టి నెమ్మదిగానే చెప్పినాడంట, రోడ్డు స్థలంలో చెట్టు రోడ్డుదే పెద్దాయనా, నష్టపరిహారం రాదు అని. పచ్చికాయలతోనే చెట్లు కోసేసినారు. చిన్నమ్మ గుండెలు బాదుకుంది. చిన్నాయన మాత్రం పోయి గట్టుమీద కూర్చున్నాడు.

రెండేండ్లకు ఆయనకు పక్షవాతం వచ్చింది. అరవై దాటిన మద్దమ్మ గులాబీ తోటలకు కూలోళ్ళను తీసుకపోయే వ్యాన్ ఎక్కింది.

ఒక సాయంత్రం నేను పోయినప్పుడు ఆమె అప్పుడే పనినించి వచ్చింది. చేతులనిండా ముండ్ల గీతలు. సంగటి పిసికి ఆయన నోటికి అందించింది. ఆయన మొగం తిప్పుకున్నాడు.

"నువ్వు కూర్చోని తినాలని గదా మే, నేను నాటింది" అన్నాడు. మాట సరిగా తిరగలేదు గానీ మా ఇద్దరికీ అర్థమయింది.

చిన్నమ్మ ఏడుస్తుందనుకున్నాను. ఏడవలేదు. ఆయన గడ్డం పట్టుకొని మొగం తన పక్కకు తిప్పుకుంది.

"తిను. నువ్వు తింటేనే నేను తినేది. తెల్లారితే మళ్ళా వ్యాన్ వస్తుంది" అని ముద్ద నోట్లో పెట్టింది.