సినిమా గడ్డం

గవర్నర్‌పేట టీకొట్టు దగ్గర ఫణీంద్ర రోజూ అదే నీలం గళ్ళ చొక్కాలో కనిపిస్తాడు. పనీపాటా లేని కుర్రాళ్ళ మీద స్నేహితులు తీస్తున్న కామెడీ సినిమాలో అతనే హీరో. షూటింగ్ మూడేళ్ళుగా సాగుతూనే ఉంది. సీనుకీ సీనుకీ తేడా రాకూడదని చొక్కా రంగు వెలవకుండా నీడలో ఆరేస్తాడు, గడ్డం తియ్యడు. ఆ గడ్డంతోనే రెండు ఇంటర్వ్యూలు పోగొట్టుకున్నాడు. ఇవాళ డైరెక్టర్ చక్రి నున్నగా షేవింగ్ చేసుకుని, మెడలో ఆఫీసు కార్డుతో వచ్చాడు.

"నాకు ఉద్యోగం వచ్చిందిరా. ఇక ఈ సినిమా మన వల్ల కాదు."

ఫణీంద్ర సరేనని తలూపి, టీ పూర్తిచేసి, ఎదురుగా ఉన్న సెలూన్‌లో కూర్చున్నాడు. కత్తి గడ్డానికి ఆనబోతుంటే చెయ్యి అడ్డం పెట్టాడు.

"ఆగండి. చివరి సీను మిగిలుందండీ," అన్నాడు నీరసంగా. "అందులో నాకు ఉద్యోగం వస్తుంది."