తెలిసిన జోకుకు నవ్విన బస్సు

తొంభైల చివర్లో వరంగల్ నుంచి వచ్చి గుడివాడలో బందరు బస్సెక్కాను. జోకుల మీద పరిశోధన చేస్తున్న రోజులవి. జోకు వినేవాణ్ణి ఒక దారిన తీసుకెళ్లి చివర్లో మరో దారికి మళ్లిస్తుందనీ, ఆ మలుపు ముందే తెలిస్తే నవ్వు రాదనీ థీసిస్‌లో ఒక అధ్యాయమంతా రాసుకున్నాను.

దారిలో రైల్వే గేటు పడింది. బస్సు ఆగగానే కండక్టరు మొదలుపెట్టాడు. "మా మావగారు ఇలాగే ఓ గేటు దగ్గర అరగంట నిలబడి, రైలెప్పుడొస్తుందయ్యా అని గేటాయన్ని అడిగారు. వెళ్లిపోయి ఇరవై నిమిషాలైందండీ అన్నాడాయన. మరి గేటు తియ్యవేం అంటే..."

అక్కడ ఆగాడు. "ఎవరూ అడగలేదండీ" అంది బస్సంతా ఒక్క గొంతుతో. వెంటనే నవ్వులు.

పక్కన అద్దకం చీరల మూటతో కూర్చున్న పెడన ఆవిడను, "ఈ జోకు మీకు ముందే తెలుసా?" అని అడిగాను.

"ఆరేళ్లబట్టీ రోజూ వింటున్నామండీ."

"మరి నవ్వెలా వస్తుంది?"

ఆవిడ నన్ను జాలిగా చూసింది. "చివర తెలుసు కాబట్టే కదండీ అందరం కలిసి అన్నాం. తెలియకపోతే పాపం ఆయనొక్కడే చెప్పుకోవాలి."

నాలుగు రోజుల తర్వాత తిరుగు ప్రయాణంలో అదే కండక్టరు, అదే గేటు. కథ చివరికొచ్చాక అతను నావైపు తిరిగి, "ఇవాళ మీరు కానివ్వండి మాస్టారూ" అన్నాడు. బస్సంతా నావైపు తిరిగింది. "ఎవరూ అడగలేదండీ" అన్నాను. గేటు తీసేదాకా నవ్వారు.

ఇంటికెళ్లి ఆ అధ్యాయం మొత్తం తిరగరాశాను. వైవాలో ఓ పెద్దాయన, "తెలిసిన జోకుకీ నవ్వుతారనడానికి మీ ఆధారం ఏమిటి?" అని అడిగారు.

"నేను చెబితే ఒక బస్సు నవ్విందండీ" అన్నాను, నిటారుగా కూర్చుని.