బొట్టు పెట్టని ఇల్లు

శుభలేఖలు ఫోన్లో పంపుకునే ఈ రోజుల్లో కూడా మా వత్సవాయి వైపు, ఇంటికొచ్చి బొట్టు పెట్టి పిలవకపోతే పిలవనట్టే లెక్క. అందుకే అక్కకి జగ్గయ్యపేట సంబంధం కుదిరాక మా ఇంట్లో వచ్చిన మొదటి గొడవ, పెద్దమ్మ వాళ్ళకి బొట్టు పెట్టాలా వద్దా అని.

పెద్దమ్మంటే మా నాన్న అన్నగారి భార్య. మా గోడకి అవతలే వాళ్ళిల్లు. పెద్దనాన్న పక్షవాతంతో మంచాన ఉన్నాడు. పత్తి చేలోకి ట్రాక్టరు వెళ్ళే దారి కోసం ఆమె కొడుకూ మా అన్నా కొట్టుకున్నారు. అన్న తలకి కుట్లు పడ్డాయి, నందిగామ కోర్టులో కేసు పడింది, రెండిళ్ళకీ మాటల్లేకుండా పోయాయి.

అన్నకి ముక్కు మీద కోపం. "వాడు మన గుమ్మం తొక్కితే ప్రాణం తీస్తా," అన్నాడు. ఉత్తమాట కాదు, మంచం కింద కర్ర పెట్టుకుని పడుకునేవాడు. నాన్న లేని ఇంట్లో అతనికి అడ్డు చెప్పేవాళ్ళు లేరు. అమ్మ ఊళ్ళో పొదుపు సంఘానికి పెద్ద. ఎవరింట్లో తగువొచ్చినా ఆడవాళ్ళు ఆమెనే పిలుస్తారు. సొంతింటి తగువు మాత్రం ఆమెకి లొంగలేదు. ఒక కొడుకు శవమవుతాడని, ఇంకో కొడుకు జైలుకి పోతాడని కుమిలిపోయేది. పెద్దమ్మ కొడుకుని కూడా కొడుకనే అనేది. అది వింటే నాకు ఒళ్ళు మండేది.

ఒకరోజు పొద్దున్నే అమ్మ కుంకుమభరిణె తీసుకుని బయల్దేరింది. నేను వెంటపడ్డాను. భర్త పోయినవాళ్ళు మా దగ్గర బొట్టు పెట్టి పిలవరు. ఆ పద్ధతంటే నాకు అసహ్యం, ఇప్పటికీ అంతే. అమ్మ ఆ రోజు దాన్నే పట్టుకుంది.

వాకిలి ఊడుస్తున్న పెద్దమ్మ మమ్మల్ని చూసి చీపురు పక్కన పెట్టింది.

"నీ కూతురి పెళ్ళక్కా. నేను బొట్టు పెట్టకూడదు. ఇంటికి పెద్ద ముత్తయిదువవి నువ్వే. ఊరంతా నువ్వే పిలవాలి," అంటూ అమ్మ భరిణె ఆమె చేతిలో పెట్టింది.

లోపల్నుంచి ఆమె కొడుకు వచ్చాడు. "ఊరందర్నీ పిలుస్తారు, సరే. మాకెవరు పెడతారు పిన్నీ బొట్టు?"

"మనింటికి మనం బొట్టు పెట్టుకుంటామా నాన్నా?" అంది అమ్మ.

అతను తల దించుకుని లోపలికి పోయాడు. పెద్దమ్మ చీర మార్చుకుని వచ్చింది. ఆ రోజంతా ఆమె ముందు నడిచింది, మేం వెనక నడిచాం. గడప గడపకీ ఆడవాళ్ళు ఆమెనీ మమ్మల్నీ మార్చి మార్చి చూశారు గానీ ఎవరూ ఏమీ అడగలేదు.

సంగతి తెలిసి అన్న అన్నం ముట్టలేదు. "పెద్దమ్మ రానీ. వాడు మాత్రం రాకూడదు," అన్నాడు.

పందిరి రాట వేసే పొద్దున అతను వచ్చాడు, చేతిలో గునపంతో. అన్న అరుగు మీంచి లేచాడు. అమ్మా పెద్దమ్మా గుమ్మంలో ఒకరి చెయ్యి ఒకరు గట్టిగా పట్టుకున్నారు, అడ్డం మాత్రం వెళ్ళలేదు.

అతను ఎవరివైపూ చూడకుండా వాకిట్లో గుంట తవ్వడం మొదలుపెట్టాడు. గుంట లోతయ్యేదాకా అన్న అలాగే నిలబడ్డాడు. తర్వాత దిగి వెళ్ళి, రాట ఎత్తి అందులో దించాడు.

"నిటారుగా ఉందా?" అనడిగాడు. కొట్టుకున్నాక అతనితో అన్న ఆడిన మొదటి మాట అది.

"కొంచెం నీ వైపు లాగరా."

నాన్న పోయినప్పుడు కూడా అమ్మ మా ముందు ఏడవలేదు. ఆ పొద్దున గుమ్మంలో కూలబడి, ఊరంతా వినపడేలా ఏడ్చింది.