మా ఆయన మోకాలు, కారు బ్రేకు

మా ఆయన ఎత్తు ఎంతో మా ఇంటి దర్వాజాకు తెలుసు. పెండ్లయిన కొత్త నుంచీ దానికి తల కొట్టుకుంటూనే ఉన్నాడు. దుబాయిలో చాలా ఏండ్లు పనిచేసి వచ్చి, ఇక పోనని చెప్పి పాత కారు ఒకటి కొన్నాడు. ఎల్లారెడ్డి నుంచి కామారెడ్డి దవాఖానకు, బట్టల దుకాణాలకు మనుషులను తీసుకుపోయి తెచ్చే కిరాయి పని. నేను ఇంట్లో బీడీలు చేస్తాను.

ఒకరోజు కామారెడ్డి నుంచి వస్తున్నాం. వెనక సీట్లో నేనూ, కాన్పుకు వచ్చిన మా బిడ్డా ఉన్నాం. ఉన్నట్టుండి మేకల మంద రోడ్డెక్కింది. ఆయన కాలు ఎత్తి బ్రేకు మీద వేయబోతే మోకాలు స్టీరింగుకు తట్టుకుంది. ఎట్లాగో తొక్కాడు. ముందున్న మేక మూతి బంపరును వాసన చూసేంత దగ్గరలో కారు ఆగింది. మేకలాయన తిట్టినన్ని తిట్లు తిట్టాడు. మా ఆయన మంద దాటేదాకా ఆగి కారు కదిపాడు. ఇంటికొచ్చి అటక మీద ఉన్న దుబాయి సూట్‌కేసు దించి దుమ్ము దులుపుతున్నాడు.

"ఏంది గది?" అన్నాను.

"కారమ్మేసి మళ్ల దుబాయి పోత. ఇయ్యాల మేక, రేపు మనిషైతే?"

ఆయన లేని ఏండ్లు ఎట్లా గడిచాయో నాకు తెలుసు.

"ముందుగాల మెకానిక్‌కు సూపియ్యి. గప్పటిదాంక గా పెట్టె ముట్టకు."

తెల్లారి ఎల్లారెడ్డిలో మాకు తెలిసిన మెకానిక్ షెడ్డుకు పోయాం. నా బీడీల చాట కూడా పట్టుకుపోయాను. ఖాళీగా కూర్చుంటే నా చేతులు ఊరుకోవు. మెకానిక్ ఆయనను సీట్లో కూర్చోబెట్టి, సీటును వెనక్కి జరపబోయాడు. అది అప్పటికే చివరిదాకా జరిగి ఉంది. సీటు మీద చెయ్యి పెట్టి చూసి, కవరు కింది నుంచి ఒక బొంత లాగాడు.

"వదినె, గిదేంది?"

"నడుం నొస్తుందంటె నా పాత చీరలతోని కుట్టిన. మడత పెట్టి ఏసిన."

"అన్న ముందే తాటిచెట్టు. నువ్వేమో కింద పీటేసినవ్!"

మా ఆయన పకపకా నవ్వాడు. మేకల సంగతి జరిగాక ఆయన నవ్వడం అదే మొదలు.

బొంత తీసినా మోకాలు ఇంకా రాసుకుంటూనే ఉంది. యాక్సిలరేటర్ కన్నా బ్రేకు పెడల్ బాగా ఎత్తులో ఉంది.

"వంచి వెల్డింగ్ కొట్టరాదా," అన్నాడు మా ఆయన.

"కొట్టనన్న. గది ఇరిగితే పాణాలు పోతయి. పెడల్ ఎన్కున్న రాడ్ తిప్పి కొంచెం దించుత. మరీ దించితే తొక్కనీకి జాగ ఉండది."

కొంచెం తిప్పడం, తొక్కించి చూడడం, మళ్లీ తిప్పడం. బ్రేకు తొక్కితే వెనక లైటు వెలిగి, వదిలితే ఆరుతోందా అని నన్ను చూడమన్నాడు. పని అయ్యాక, ఆకు కత్తిరించేటప్పుడు కొలతకు పెట్టుకునే రేకును నా చాటలోంచి తీసి, కాలు బ్రేకు మీద ఉండగా మోకాలికీ స్టీరింగుకీ మధ్య పెట్టాను. ఇందాక రాసుకున్న చోట ఇప్పుడు రేకు దూరింది.

కామారెడ్డి రోడ్డు మీద కొంత దూరం పోయాం. నేను ఆయన పక్కనే కూర్చుని రోడ్డు వదిలి మోకాలినే చూస్తున్నాను. ఆగుతూ, కదులుతూ, మళ్లీ ఆగుతూ పోయాడు.

"తగుల్తుందా?"

"తగుల్తలేదు. నువ్వింక ముందుకు సూడు."

ఇంటికి రాగానే ఆ బొంతను మడిచి సూట్‌కేసులో పెట్టి మూత వేశాను. ఆయన స్టూలు కూడా వేసుకోకుండా, నిలబడ్డ చోటి నుంచే పెట్టెను అటక మీదికి తోసేశాడు.